ఇరుసు చేసినవాని మాట

తీర్థమలైకి పోవు యాత్రికులు కొండమీది నీటిని తలపై చల్లుకొని వత్తురు. కొండలోని ఇనుమును తలచువారు అరుదు. తీర్థగిరీశ్వరుని సన్నిధిని గల ధారలలో రామతీర్థము శ్రీరాముని బాణము నాటిన చోట పుట్టినదని పెద్దలు చెప్పుదురు. ఆ బాణపు ములికి ఏ లోహమో పురాణము చెప్పదుగాని, కొండ మాత్రము ఇనుపరాతికి పేరుపడినది. భూగర్భశాస్త్రజ్ఞులు పూర్వపు సేలము జిల్లాలోని ఇనుపరాతిని అయిదు గుంపులుగా లెక్కించినపుడు, కంజమలై, గోదుమలై మున్నగువానితోపాటు తీర్థమలైని కూడ ఒక గుంపుగా చేర్చిరి. 1965 అక్టోబరు 2వ తేదీన ధర్మపురి జిల్లా వేరుపడువరకు ఇదంతయు సేలము జిల్లాయే గదా. ఇనుపరాయి యున్న సీమలో కొలిమి యుండుటయు, ఆ కొలిమి చుట్టు తమిళముతోపాటు తెలుగు కూడ వినబడుటయు వింత గాదు.

నాగలికర్రు, కొడవలి, గడ్డపార, బండిచక్రమునకు తొడుగు ఇనుపపట్టా, ఇవి మన తాతలనాటి కొలిమిపనులు. నేడు ఆ కొలిమి స్థానమున వెల్డింగు యంత్రమును, గ్రైండరును, ఒక పాత లేతును వచ్చి చేరినవి. చుట్టుప్రక్కల చూడగా మోటారు పనికి కొదువలేని సీమ ఇది. హోసూరున అశోక్ లేలండు వారి లారీల కర్మాగారము గలదు. నామక్కల్లు లారీల బాడీలు కట్టుటకును, తిరుచెంగోడు బోరుబావులు త్రవ్వు రిగ్గు లారీలకును దేశమంతట ప్రసిద్ధికెక్కినవి. ఆ రిగ్గులే మన రాయలసీమకును తెలంగాణమునకును పోయి నీటికై రాతిని తొలచుచున్నవి. ఈ పెద్ద పనులకును పల్లెకొలిమికిని నడుమ, రోడ్డుప్రక్క రేకుల కప్పు క్రింద, ఒకరిద్దరు పనివాండ్రతో నడచు చిన్న వర్క్‌షాపు గలదు. మేమిక్కడ విచారింపదలచిన ధర్మసందేహము ఆ రేకుల కప్పు క్రింద పుట్టినది.

సిత్తేరి, వత్తల్‌మలై వంటి కొండలలోని మారుమూల పల్లెలవారికి జీపు విలాసవస్తువు గాదు. విత్తనము, ఎరువు, సంతకు దిగు పంట, నెలలు నిండిన ఇల్లాలు, అన్నియు దానిమీదనే. వానకాలమున బాట కోసుకొనిపోయి రాళ్లు పైకి తేలినపుడు, కర్మాగారమునుండి వచ్చినది వచ్చినట్లున్న జీపు అడుగు రాతికి తగిలి నిలిచిపోవును. అప్పుడు యజమాని వర్క్‌షాపునకు వచ్చి, "అన్నా, బండిని ఆరంగుళాలు పైకెత్తి యియ్యి; పెద్ద చక్రాలు పట్టాలి" అని అడుగును.

అడిగినది ఒక్క వాక్యము. దానికై మారవలసినవి పది. జీపు ఇరుసునకును చాసిస్‌కును నడుమ నున్నవి కమాను పట్టీలు. కమాను అనగా పారసీకమున విల్లు. ఆ మాట వర్క్‌షాపులకు ఎట్లు వచ్చి చేరినదో గాని, పట్టీ వంపును చూచినవానికి దాని అర్థము వేరుగా చెప్పనక్కరలేదు. ఆ పట్టీల వంపు పెంచినను, వానికి దిమ్మ పెట్టినను బండి లేచును. అది కష్టమైన పని గాదు. కాని లేచిన బండితో స్టీరింగు అంతయు లేవదు. స్టీరింగు పెట్టె చాసిస్‌కు బిగింపబడినది గనుక పైకి పోవును. చక్రములు ఇరుసును అంటిపెట్టుకొని క్రిందనే యుండును. రెంటిని కలుపు డ్రాగ్ లింకు అను కడ్డీ అంతకుముందు ఇంచుమించు అడ్డముగా నున్నది కాస్తా గోడకు చేర్చిన నిచ్చెనవలె వాలును. ఇక చక్రము గుంటలో దిగి లేచునపుడు ఇరుసు ఒక వంపున కదలును, కడ్డీ కొన వేరొక వంపున కదలగోరును. ఆ రెండు వంపుల తేడా ఎక్కడికి పోవలెను? చక్రమునే త్రిప్పును. డ్రైవరు చేయి కదలకయే బండి ప్రక్కకు లాగును.

అంతియే గాదు. సైకిలు ముందు ఫోర్కు కొంచెము వాలుగా నుండుటచేత వదలిన హ్యాండిలు తనంతట నేరుపడుట మనమెరుగుదుము. జీపు ముందుచక్రములకును అట్టి వాలొకటి యుండును. పట్టీల అమరిక మారి ఆ వాలు చెడినచో బండి బాటపై నిలుకడ తప్పి ఇటునటు తిరుగాడును. ఒక్కొక్కపుడు చిన్న గుంట తగులగానే ముందుచక్రములు రెండును చలిజ్వరము పట్టినట్లు వణకును. బ్రేకు గొట్టములు కురుచపడును. బరువు పైకి పోయినది గనుక మలుపున ఒరుగుట సులభమగును. ఎత్తు పెంచుమన్నవానికి ఇవియేవియు తోచవు. వానికి కనబడునది అడుగున రాయి తగులకపోవుటయే.

ఇవన్నియు తెలిసి సరిచేయువారు కలరు. కడ్డీ వాలు తగ్గునట్లు కీలు మార్చుట, ఇరుసునకును కమానునకును నడుమ ఏటవాలు దిమ్మ బిగించి పోయిన వాలును తిరిగి తెచ్చుట, ఇరుసు ప్రక్కకు జరుగకుండ పట్టు కడ్డీ యున్న బండ్లలో దానిని డ్రాగ్ లింకునకు సమాంతరముగా నిలుపుట, ఇది నేర్వదగిన విద్య. నేర్చినవానియెడ మాకు గౌరవమే. చిక్కు డబ్బు చాలనపుడు వచ్చును. కొత్త కడ్డీకి బదులు పాతదానిని కోసి నడుమ ముక్క అతుకుట. సాగగొట్టి చేసిన స్టీరింగు చేతిని గ్యాసు మంటలో ఎర్రగా కాల్చి వంచుట. కమాను పట్టీమీదనే వెల్డింగు పెట్టుట. పదునుపెట్టిన ఉక్కును మరల కాల్చినచో పదును పోవునని కొడవలి చేసిన మన తాతలకు చదువక్కరలేకయే తెలియును. చల్లారిన తరువాత ఆ చేయి చూపునకు ఎప్పటివలెనే యుండును. అతుకుపై గ్రైండరు ఆడించి నల్లరంగు పూసినచో అది కర్మాగారపు కడ్డీయో అతికిన కడ్డీయో పోల్చుట కష్టము. లోహము లోపలివరకు కరిగి పట్టినదో, పైపైన పేరుకొన్నదో ఎరిగినవాడు, ముఖమునకు కవచము పెట్టుకొని ఆనాడు నిప్పురవ్వల నడుమ కూర్చున్నవాడొక్కడే.

అది ఆనాడే విరిగినచో మేలు. విరుగదు. నెలలు గడచును. ప్రతి గుంటకు కడ్డీ ఒకమారు లాగబడి, ఒకమారు నొక్కబడి, అతుకు అంచున వెంట్రుకవంటి చీలిక పుట్టి, దినదినము కొంచెము ప్రాకి, తుదకు బరువెక్కువైన ఒకనాడు కొండదిగు మలుపున తెగును. చేసినవాడు ఆ గడియలో తన ఇంట భోజనము చేయుచుండును.

ఆ దినమున తప్పెవరిది?

మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున బండి ప్రమాదములను గూర్చి కొన్ని శ్లోకములు గలవు. ఎద్దు ముక్కుత్రాడు తెగినను, కాడి విరిగినను, ఇరుసు గాని చక్రము గాని విరిగినను, తొలగుడని సారథి గట్టిగా అరచినను, ఇట్టి పది సందర్భములలో దండనము లేదని అందు చెప్పబడినది. సారథికి నేర్పు లేకపోవుటచే బండి దారితప్పి హాని జరిగినచో దండన యజమానికి, అట్టివానిని కూర్చుండబెట్టినందులకు. సారథి నేర్పరియైయుండినచో దండన వానికే. ఎంత సూక్ష్మముగా విభజించిరో చూడుడు. బండి, సారథి, స్వామి, ముగ్గురి ప్రస్తావనయు వచ్చినది. ఇరుసు విరిగినచో అందరికిని క్షమ దొరకినది. ఆ ఇరుసు చెక్కినవాని మాట మాత్రము ఆ శ్లోకములలో లేదు. ఇరుసు విరుగుట పిడుగుపాటువలె దైవికమని కాబోలు! దశరథుని రథపు శీల ఊడగా కైకేయి తన వ్రేలు దూర్చి నిలిపినదను కథ వాల్మీకమున లేకున్నను మన ఇండ్లలో అందరును విన్నదే. ఆ వ్రేలికి వరములు వచ్చినవి, ఆ వరములవలన రాముడు అడవికి పోయెను. ఇంత కథ చెప్పిన ముసలమ్మలు ఒక్కరైనను ఆ శీల చేసినవాడెవడని అడుగగా మేము వినలేదు.

కౌటిల్యుడు కొంత ముందుకు పోయెను. అర్థశాస్త్రమున కంటకశోధనమను అధికరణము చేతిపనివారి విషయముతోనే మొదలగును. చెప్పినదానికి భిన్నముగా పనిచేసినవానికి కూలి పోవుటయేగాక దానికి రెట్టింపు జరిమానా. ఇది బాగుగనే యున్నది గాని మన సమస్యకు అక్కరకు రాదు. మన వర్క్‌షాపువాడు చెప్పినదానికి భిన్నముగా ఏమియు చేయలేదు. చెప్పినది చెప్పినట్లు చేసెను. చిక్కు అక్కడనే యున్నది.

ఈనాటి శాసనమునే తీసికొందము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారీదారు నిర్దేశించి రిజిస్ట్రేషను పత్రమున ఎక్కిన వివరములకు భిన్నముగా వాహనమును మార్చరాదు. ఆ నిషేధము యజమానిని ఉద్దేశించి చెప్పబడినది. 2019 జనవరిలో కేరళనుండి వచ్చిన ఒక వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఈ నియమమును గట్టిగా నిలిపినది. అదే సంవత్సరపు సవరణవలన, అనుమతి లేని ప్రతి మార్పునకు యజమానికి అయిదువేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలలవరకు కారాగారము గాని, రెండును గాని విధింపవచ్చును. కర్మాగారములకును అమ్మకందారులకును వేరు శిక్షలు గలవు. రేకుల కప్పు క్రింది మనిషి వంతు వచ్చుసరికి శాసనము చూపు కొంచెము మసకబారును. బండి విరిగిన తరువాత పోలీసులు వానిని వెదకవచ్చును, వెదకకపోవచ్చును. వాని దగ్గర రసీదు లేదు, పత్రము లేదు. కనుక వాని విషయమున శాసనముకంటె ముందుగా పలుకవలసినది ధర్మము.

వాని పక్షమున చెప్పదగిన మాటలు లేకపోలేదు. "వాడి బండి, వాడి ప్రాణం, వాడి ఇష్టం, నేను చేతిపనివాణ్ణి" అనును. ఇందులో సగము నిజము. తెలిసి ఒప్పుకొన్న అపాయము తెలియక పడిన అపాయమువంటిది గాదు. 2014లో గోవాలో మొదలైన రెయిన్ ఫారెస్టు ఛాలెంజి వంటి పోటీలలో జీపులను గుర్తుపట్టరాని విధమున మార్చి, బురదలోను వాగులలోను నడుపుచున్నారు. అక్కడి డ్రైవరునకు తన బండిలో ఏ కడ్డీ ఎక్కడ అతుకబడినదో తెలియును. పలుమార్లు అతడే అతికియుండును. తలకు శిరస్త్రాణము, చుట్టు ఉక్కు పంజరము, ఎదురుగా వచ్చు బస్సు లేదు, బాటప్రక్క నడచు బడిపిల్లలు లేరు. అక్కడ విరిగినది వానిపైననే విరుగును. ఆ ఆటను మేము నిందింపము. అందు నేర్పు గలదు, సాహసము గలదు. సిత్తేరి బాట అట్టి ఆటస్థలము గాదు. జీపు వెనుక కమ్మి పట్టుకొని నిలుచున్న కూలిమనిషికి డ్రాగ్ లింకు పేరైనను తెలియదు. యజమాని ఇచ్చిన అంగీకారము ఆమెకొరకు ఇచ్చినది గాదు. ఇచ్చుటకు అతనికి అధికారమును లేదు. సగము నిజము గూడ ఇక్కడ చెల్లదు.

మన గుడి తేరును చూచినచో ఈ భేదము మరింత స్పష్టపడును. తేరునకు స్టీరింగు లేదు. వందలమంది లాగుచుండగా చక్రముల క్రింద చెక్కదిమ్మలు వేసి, తీసి, ఆ కొండంత బరువును వీథి మలుపు త్రిప్పుదురు. తమిళమున వానిని ముట్టుకట్టైలందురు. దిమ్మ వేయువాడు చక్రమునకు జానెడు దూరమున వంగి నిలుచును. వాని లెక్క తప్పినచో చక్రము మొదట వాని చేతిమీదికే వచ్చును. తిరుచిరాపల్లిలోని భెల్ కర్మాగారమువారు అనేక దేవాలయముల తేర్లకు ఉక్కు చక్రములను ఇరుసులను చేసి ఇచ్చిరి, తిరువారూరి పెద్దతేరునకు బ్రేకులు అమర్చిరి; అయినను దిమ్మ వేయువాడు తన చోటు వదలలేదు. వాని జాగ్రత్తకు వేరు శాసనమెందులకు? పనియే వానికి కాపలా. వర్క్‌షాపువానికి అట్టి కాపలా లేదు. వాని తప్పునకును ఫలమునకును నడుమ నెలల కాలము, మైళ్ల దూరము, ఒక పూత నల్లరంగు అడ్డముగా నిలుచును. అందువలననే దిమ్మ వేయువానికంటె వీనికి ఎక్కువ నిష్ఠ కావలెనని మా అభిప్రాయము. పని తనంతట కాపాడనిచోట మనిషి కాపాడవలసియున్నది.

రెండవ సమాధానము మరింత బలమైనది. "నేను కాదంటే ప్రక్క వీథివాడు చేస్తాడు, వాడికి నాపాటి పని రాదు. నా చేతిలో పడితే కొంత మేలు గదా!" ఈ మాట అనువాడు దొంగ గాదు, నిజముగనే తన పని మేలైనదని ఎరిగినవాడు. ఎత్తు పెంచుటవరకు, అనుమతి గల మేరకు, మేమును ఈ వాదమును కొంత అంగీకరింతుము. పనివానికి తెలిసిన పట్టీలు, సరియైన బోల్టులు, పొడుగు బ్రేకు గొట్టములు వేసి, మిగిలిన దోషము ఇది యని యజమానికి విప్పిచెప్పినచో కొంత మేలు జరిగినట్లే. స్టీరింగు చేతిని కాల్చి వంచుట, కడ్డీని కోసి అతుకుట మాత్రము ఈ లెక్కలోనికి రావు. కమాను పట్టీ ఒకటి విరిగినచో తక్కిన పట్టీలు బండిని ఇంటివరకైన మోయును. స్టీరింగు కడ్డీ తెగినచో దాని పని చేయునది మరొకటి లేదు. చేతిలో చక్రము తిరుగును, బండి తిరుగదు. రెండవ అవకాశము లేని చోట 'కొంత మేలు' అను మాటకు అర్థము లేదు.

కెనడా దేశమున క్యుబెక్ వంతెన కట్టుచుండగా 1907లో కూలి 75 మంది చనిపోయిరి. మరల కట్టుచుండగా 1916లో నడిమి భాగము పడి 13 మంది చనిపోయిరి. 1925 నుండి ఆ దేశపు ఇంజనీర్లు వృత్తిలో ప్రవేశించునపుడు ఒక ప్రతిజ్ఞ చేసి, పనిచేయు చేతి చిటికెనవ్రేలికి ఇనుప ఉంగరము తొడుగుకొనుచున్నారు. ఆ ఉంగరము కూలిన వంతెన ఇనుముతో చేసినదని కొందరందురు. అది నిజము గాదు, నిజము కానక్కరయు లేదు. గీయుచున్నపుడు కాగితమునకు ఉంగరము రాచుకొనుటయే దాని ప్రయోజనము. మన హోసూరు కర్మాగారములలో పనిచేయు మన పిల్లలలో ఇంజనీర్లు పలువురు గలరు. వారు గీసిన కడ్డీకి గీసినవారి సంతకము, పరీక్షించినవారి సంతకము, తేదీ యుండును. వారి మేనమామ వర్క్‌షాపులో అతికిన కడ్డీకి ఏమియు లేదు. ఇద్దరును ఒకే పంక్తిని భోజనము చేయుచున్నారు.

పేరు లేకపోవుటలో ఒక చిత్రము గలదు. నాలుగు చక్రముల బండి మలుపు తిరుగునపుడు లోపలి చక్రము ఎక్కువగాను, వెలుపలి చక్రము తక్కువగాను తిరుగవలెనను స్టీరింగు సూత్రమును మ్యూనిక్ నగరమున బండ్లు చేయు లాంకెన్‌స్పెర్గరు అనునతడు కనిపెట్టెను. 1818లో లండనులో అతని ప్రతినిధి ఆకర్‌మన్ దానికి పేటెంటు తీసికొనెను. నేటికిని లోకమంతయు దానిని ఆకర్‌మన్ సూత్రమనియే పిలుచుచున్నది. మంచి పని చేసినవాని పేరు కాగితము వ్రాసినవాడు పట్టుకొనిపోయెను. చెడ్డ అతుకు చేసినవాని పేరును నల్లరంగు దాచిపెట్టుచున్నది. పేరు పోయినందుకు మొదటివాడు దుఃఖింపవచ్చును. రెండవవాడు ఊరట చెందును. ఆ ఊరటనే తొలగింపవలెనని మేము కోరుచున్నాము. వర్క్‌షాపున ఒక కుట్టిన లెక్కపుస్తకము చాలును. బండి నంబరు, మార్చినది ఏది, మార్చననినది ఏది, యజమానికి చెప్పినది ఏది, ఇద్దరి సంతకములు. చేసిన ప్రతి కడ్డీపై పూర్వము కంసాలి తన ముద్ర కొట్టినట్లు ఒక గుర్తు. ఇందుకు ప్రభుత్వమును అడుగవలసిన పని లేదు.

ఇక ప్రక్క వీథివాని సంగతి. మన చిన్న ఊళ్లలో ప్రక్క వీథి వర్క్‌షాపు పరాయివానిది కాదు. వాడు బావమరిది యగును, లేదా మన దగ్గరనే పని నేర్చి విడిపోయిన శిష్యుడగును. కూలి రేటు పెంచవలసి వచ్చినపుడు వీరందరును ఒక్కచోట కూర్చుండి ఒక్క మాటపై నిలువగలుగుట మేమెరుగుదుము. స్టీరింగు కడ్డీని ఎవరును అతుకరాదని అదే కూటమున మరొక మాట అనుకొనవచ్చును. కాదనిపించుకొన్నవానికి ప్రక్క వీథి లేకుండ చేయవచ్చును.

అయితే ఆ కాదనుట వెల ఎవరు చెల్లింతురో కూడ చూడవలెను. వర్క్‌షాపువానికి ఒక పని పోవును, అంతియే. కొండమీదివాడు కొత్త కడ్డీ కొనలేక, బండి ఎత్తక, వానకాలము రెండు నెలలు జీపును క్రింది ఊరిలో నిలిపి మూటలు తలపై మోయించును. మోయునది జీపు వెనుక కమ్మి పట్టుకొని నిలుచు ఆ కూలిమనిషియే. ఆమె మేలుకొరకే మనము కాదంటిమి. ఆ బరువు ఆమె తలపైననే పడినది. కొత్త కడ్డీ వెలలో కొంత సంఘము భరింపవలెనా, బాట వేయుమని అందరును కలిసి జిల్లా కచేరీకి పోవలెనా అను చర్చ వర్క్‌షాపువారు ఒక్కరే చేయదగినది గాదు. ఆ కూటమునకు జీపు యజమానులను, వీలైనచో ఆమెను కూడ, పిలువవలసియుండును.